సోమలింగం కళ్ళతో విన్న మాటలు

సోమలింగం బతికున్నన్నాళ్ళూ అతను గుసగుసగా ఏదైనా చెబితే గుజరాతీల నేతపేట బమ్రోలిలో మూడు గల్లీల వాళ్ళు తలుపులు తీసి చూసేవారు. ఇప్పుడు ఆ గల్లీలు నిశ్శబ్దంగా ఉంటాయి, అది ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు.

ఇరవై ఏడేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి ముప్పాతిక వంతు మగ్గాలకే సమర్పించుకున్నాడు. నలభై ఎనిమిది మగ్గాలు ఒక్కసారిగా ఆడే షెడ్డులో పక్కవాడి మాట ఎలాగూ వినపడదు కాబట్టి అక్కడ అందరూ పెదవులు చూసి మాట అందుకుంటారు. ఆ విద్యలో సోమలింగం పండితుడు. తెలుగు, హిందీ, ఒడియా, గుజరాతీ, నాలుగు భాషల బూతులనూ కళ్ళతోనే విని నోటితో జవాబు చెప్పేవాడు. షెడ్డు యజమాని శేఠ్ ఎదురుగా నిలబడి శేఠ్ పొట్ట గురించి, పిసినారితనం గురించి రోజూ నిండు గొంతుతో వ్యాఖ్యానం చేసేవాడు. ఆ హోరులో శేఠ్‌కు ఒక్క ముక్క వినపడేది కాదు. పెదవులు చదవడం శేఠ్‌లకు రాదు.

కరోనా వచ్చి ఊరందరి మూతికీ గుడ్డ కట్టాక సోమలింగం నిజంగా చెవిటివాడయ్యాడు. కూరగాయల బండివాడితో "మూతిగుడ్డ తీసి చెప్పు" అని పోట్లాడి రెండుసార్లు పోలీసుల చేత తిట్లు తిన్నాడు. ఆ తిట్లు కూడా గుడ్డ వెనకే ఉండిపోయాయి కాబట్టి అతనికి పెద్దగా తగల్లేదు.

కూతురు జమున ఒక ప్రైవేటు కాలేజీలో బీకాం మూడో ఏడు. ఏడాదంతా పాఠాలు ఫోనులోనే. 2021 జనవరిలో కాలేజీ వాళ్ళు నోటీసు పంపారు: ట్యూషన్ ఫీజుతో పాటు లైబ్రరీ ఫీజు, ఆటల జింఖానా ఫీజు కూడా శనివారంలోగా కట్టాలి, కట్టనివాళ్ళ పరీక్ష ఫారం తీసుకోరు. ఆ లైబ్రరీకీ జింఖానాకూ పది నెలలుగా తాళాలే. ఫారం పోతే ఏడాది పోయినట్టే. తల్లి ఎల్లవ్వ అప్పుడే పర్వత్ పాటియా చీరల బజారులో చీరలు మడతపెట్టే పని ఒకటి మాట్లాడి ఉంచింది.

"సదువుదేముంది, మళ్ళ సదువుకుంటది. గసొంటి పని మళ్ళ దొర్కుతదా?" అంది ఎల్లవ్వ.

"నా బిడ్డ డిగ్రీ పట్టుకున్నంకనే చీరలు మడుతపెడ్తది!" అని గర్జించాడు సోమలింగం.

జమున విద్యార్థి సంఘంలో సహాయ కార్యదర్శి. సంఘానికి పెద్ద వినోద్, వాళ్ళదీ తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబమే. ఫోన్ల మీదే నాలుగు వందల సంతకాలు పోగుచేసి పంపితే కాలేజీ నడిపే ట్రస్టీలు గురువారం ఆన్‌లైన్ సమావేశానికి ఒప్పుకున్నారు. తల్లిదండ్రుల తరఫున ఒకరు ఉండాలన్నారు. అందరూ షిఫ్టుల్లో ఉన్నారు. ఆ రోజు తన షెడ్డుకు కరెంటు సెలవు కావడంతో ఇంట్లో పడి ఉన్నది సోమలింగం ఒక్కడే.

"బాపూ, నీకు దండం పెడ్త. ఉట్టిగ కూసో. నోరు తెరువకు."

"నేనేమన్న మాట్లాడుతనా బిడ్డా ఎప్పుడన్న?" అన్నాడు సోమలింగం. గడప ముందు పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది.

ఫోను తెరలో ఎవరి గదుల్లో వాళ్ళు కూర్చున్న పది ముఖాలు, ఒక్కదానికీ గుడ్డ లేదు. ఇన్ని నోళ్ళను ఒకేచోట చూసి సోమలింగానికి పెళ్ళి విందులో కూర్చున్నంత సంబరమైంది. కళ్ళద్దాల ట్రస్టీ కాలేజీ తనకు కన్నతల్లి లాంటిదన్నాడు, తల్లి నష్టాల్లో ఉంది కాబట్టి పైసా తగ్గించలేమన్నాడు. తర్వాత మైకు ఆపి, పక్కన కూర్చున్న అకౌంటెంటు వైపు వంగాడు.

మిగతావాళ్ళకు కనిపించింది ఉత్త మూతి కదలిక. సోమలింగానికి మాత్రం పూర్తి సంభాషణ అందింది. తనకు వినపడని చోట తన మాట కూడా ఎవరికీ వినపడదని షెడ్డులో అబ్బిన నమ్మకం. అందుకే మామూలు గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఇగో బిడ్డా, గా కండ్లద్దాలాయన ఏమంటుండో చూడు. లైబ్రరీ పైసలు, జింఖానా పైసలు ఇడ్సిపెడ్దమని మొన్ననే అనుకున్నరంట. ఇప్పుడే చెప్పద్దంట. శనివారం దాక భయపడి ఎందరు కడ్తే గంత లాభమంట. దొంగ నా కొడుకు, మొఖం చూడు, పెండ్లికొడుకు లెక్క!"

జమున చెయ్యి ఫోను మీదికి వెళ్ళేసరికే అంతా అయిపోయింది. వినోద్ చివరి వాక్యం ఒక్కటి మింగి, మిగతాదంతా హిందీలోకి మార్చి వినిపించాడు. ట్రస్టీ ముఖం తెల్లబోయింది. మళ్ళీ అకౌంటెంటు వైపు వంగాడు.

"ఎవడు చెప్పిండని అడుగుతుండు," అని తెలియజేశాడు సోమలింగం.

సాయంత్రానికి కొత్త నోటీసు వచ్చింది. ఆ రెండు ఫీజులూ రద్దు, గడువు రెండు వారాలు పెంపు. పిల్లలు ఫోన్లలో "అంకుల్ జిందాబాద్" అని రాసుకున్నారు. ట్యూషన్ ఫీజు మాత్రం కదల్లేదు, అది కట్టందే ఫారం తీసుకోరు. ఎల్లవ్వ చీరలాయనకు ఇంకో రెండు వారాలు వాయిదా చెప్పింది.

ట్యూషన్ ఫీజు మీద పెట్టిన రెండో సమావేశానికి ట్రస్టీలు కెమెరాలు ఆపుకుని వచ్చారు. తెర మీద నాలుగు నల్ల గడులు.

"ఏందిది, వాళ్ళకు సుత కరెంటు పోయిందా?"

"నీకు భయపడే బాపూ."

అంతటి గౌరవం సోమలింగానికి జన్మలో దక్కలేదు. అయితే ఆ గౌరవంతో పని జరగదు. వినోద్ అరగంట మాట్లాడి, చివరికి బతిమాలే దశకు వచ్చాడు. అప్పుడు జమున ఫోను తన వైపు తిప్పుకుని హిందీలో అందుకుంది. సోమలింగం పక్కనుంచి ఆమె పెదవులనే చూశాడు.

"మా నాన్న మగ్గం ఆగితే ఆ రోజు కూలి రాదు. నేసిన మీటర్లకే డబ్బు. మీరు నెయ్యని బట్టకు కూలి అడుగుతున్నారు. సరే, అదీ ఇస్తాం, కానీ ఒక్కసారిగా ఇవ్వలేం. పరీక్ష ఆపితే అది కూడా మీకు రాదు. చీరలు మడతపెట్టేవాళ్ళు కాలేజీకి ఫీజు కట్టరు."

పొయ్యి దగ్గర్నుంచి ఎల్లవ్వ అడిగింది. "ఏమంటుండ్రయ్యా?"

"వాళ్ళ ముచ్చట నాకెర్కలేదు. పిల్ల మాత్రం మస్తు మర్యాదగ తిడుతుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో!"

"నీ దగ్గరనైతే కాదు తియ్యి."

పావుగంట తర్వాత నల్ల గడులు ఏదో చెప్పాయి. జమున వేలు పైకెత్తి తండ్రిని ఆపి, అతని వైపు తిరిగి పెదవులు మాత్రమే కదిలించింది. 'ఫారం తీస్కుంటరంట. ఫీజు మూడు కిస్తీలు.'

సోమలింగం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కాసేపటికి చేతులు తీసి, వంటింటి వైపు తిరిగి, గొంతు పెగలనివ్వకుండా ఒక్కొక్క మాటా పెదవులతో చెప్పాడు. 'చీరలాయనకు పిల్ల రాదని చెప్పు.'

ఎల్లవ్వ ఒక్కరోజు కూడా మగ్గాల షెడ్డులో పని చెయ్యలేదు. గరిటె పట్టుకుని అతని మూతి వైపు అయోమయంగా చూసింది.

"ఏందయ్యా? జర గట్టిగ చెప్పు!"