నాన్న చొక్కా గుండీలు

నారాయణగూడ మందుల షాపులో నా మోచేతి సోరియాసిస్‌కి కొన్న ఆయింట్‌మెంట్ మూత తీయగానే తారు వాసన వచ్చింది. మీలో ఎవరింట్లోనైనా ఈ వాసన ఉండేదా? నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో, ఇదే జబ్బున్న మా నాన్న దుప్పటి నిండా ఇదే వాసన.

ఒక పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు. వేళ్లు వాచి బిగుసుకుపోయాయి.

"జర నువ్వు పెట్టు బిడ్డా," అన్నారు. ఒక్కో గుండీ పెట్టాను.

డాక్టరు చూసి, "ఇది చర్మంతోని ఆగదు, కీళ్లకు గూడ వస్తది," అన్నారు. అప్పటిదాకా పొట్టు రాలే జబ్బే అనుకున్నాం.

బయటికొచ్చాక అడిగాను, "ఇంకెక్కడికి పోతది నాన్నా?"

"నాకు గూడ అదే భయమైతుంది," అన్నారు.

తర్వాత మందులతో వాపు తగ్గింది. కానీ నాన్నలకూ భయమేస్తుందని నాకు ఆరోజే తెలిసింది. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ రోడ్డు దాటేటప్పుడు, నొప్పి పుడుతుందేమోనని ఆయన వేళ్లు వదిలి మణికట్టు పట్టుకున్నాను.