బొట్టు పెట్టిన హెడ్‌లైటు

మా తాతయ్య శేషగిరి కళ్ళకి ఏ లోపమూ లేదు. లోపమంతా కారు లైట్లది, ఢిల్లీ పొగమంచుది, నోయిడా రోడ్లమీద గీతలు సరిగా గీయనివాళ్ళది. ఇదీ ఆయన వాదన. ఆయన బండి నడుపుతుంటే పక్కసీటులో కూర్చుని, "స్పీడ్ బ్రేకర్ వస్తోంది. ఎడమవైపు ఆటో. అది ఆవు కాదు తాతయ్యా, సిమెంటు బస్తాలు" అని చెబుతూ ఉండే పని నాది. ఇంటర్ మధ్యలో వదిలేసిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే. జీతం ఒక సమోసా.

కేంద్ర ప్రభుత్వ కొలువులో ఉన్నంతకాలం తాతయ్య కిక్కిరిసిన బస్సులో నిలబడే ఆఫీసుకి వెళ్ళాడు. అమ్మమ్మ అన్నపూర్ణేశ్వరి మా అమ్మని చంకనేసుకుని అవే బస్సుల్లో ఊరంతా తిరిగింది. రిటైరైన ఏడాది ఆయన ఒక తెల్ల కారు కొని, "ఇక నువ్వు బస్సెక్కక్కర్లేదు" అన్నాడట. అప్పటినుంచి ప్రతి శనివారం అమ్మమ్మని కరోల్ బాగ్‌లో భజనకి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. కూరగాయలు తెమ్మంటే ఆయనకి మోకాళ్ళ నొప్పి. కారు తాళం కనిపిస్తే ఏ నొప్పీ ఉండదు.

మొన్న చీకటిపడ్డాక వస్తూ మా సొసైటీ గేటుకి కారు రాసేశాడు. మా అమ్మ ఉష ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా చెయ్యి చాపింది.

"నాన్నా, తాళం ఇలా ఇచ్చెయ్."

"లైట్లు గుడ్డివైపోయాయే తల్లీ. మంచి వెలుగున్న బల్బులు వేస్తాను. అప్పుడు చూడు."

అమ్మకి వాదించే ఓపిక కూడా లేదు. సోఫాలో కూలబడి, "సరే, ఈ శనివారం ఒక్కసారి చూద్దాం. దారిలో గౌరిని 'అదేమిటది' అని ఒక్కసారి అడిగినా తాళం నాదే" అంది, నన్ను చూపిస్తూ.

శనివారం ఉదయం పార్కింగులో పేపరు పరిచి, కొత్త బల్బులు దానిమీద పెట్టాడు. భూతద్దంతో పెట్టెమీది రాతంతా చదివి, ఆఫీసు సర్క్యులర్‌లా మాకు వినిపించాడు.

"గాజుని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. జిడ్డు అంటితే వేడికి పగులుతుంది. విన్నావా, అన్నపూర్ణా?"

"విన్నానండీ. నాకేం పని ముట్టుకోడానికి?" అంది అమ్మమ్మ. ఆవిడ చేతిలో పూజపళ్ళెం ఉంది. మా ఇంట్లోకి మిక్సీ వచ్చినా, గీజరు వచ్చినా ఆవిడ చేతి బొట్టు పడందే పని మొదలుపెట్టదు.

నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, తాతయ్య బానెట్ ఎత్తి దానివెనక మాయమయ్యాడు. మంకీ క్యాప్, మఫ్లర్, చేతిలో ఉతికిన రుమాలు. నాకు మాటలు మాత్రమే వినిపిస్తున్నాయి.

"లైటు వెయ్యి. ఆర్పు. వెయ్యమన్నానా? ఆర్పమన్నాను!"

"తాతయ్యా, నువ్వు ముందు ఒకటే చెప్పు."

"ఇంటర్ వదిలేసినదానికి స్విచ్ నొక్కడం కూడా రాదు."

బల్బుని పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పు జారిపోయినప్పుడల్లా ఆయన నిట్టూర్పు నాదాకా వచ్చింది. పాత బల్బులు తీసి కొత్తవి బిగించేసరికి మధ్యాహ్నమైంది. నడుం పట్టుకుని, ఎదురుగోడమీద పడ్డ తెల్లటి వెలుగుని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టుకుని, స్టీరింగుమీదకి వంగి నడిపాడు. ఒకచోట గట్టిగా బ్రేకు వేసి, "స్పీడ్ బ్రేకర్! నేనే చూశాను" అన్నాడు. అది చెట్టు నీడ. వెనకసీటులో అమ్మమ్మ భజన ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. ఇంటి మలుపు దగ్గర ఎడమవైపు వెలుగు ఒక్కసారిగా పోయింది.

గేటు దగ్గర గార్డు, "అంకుల్‌జీ, ఏక్ లైట్ బంద్ హై" అన్నాడు.

అమ్మ కిందే ఎదురుచూస్తోంది. తాతయ్య గెలిచినవాడిలా దిగాడు.

"చూశావా ఉషా! బల్బు పోయింది. గౌరిని అడుగు, ఒక్క ప్రశ్న వేశానేమో. కళ్ళకేం కాలేదు, నాసిరకం బల్బు."

కాస్త చల్లారనిచ్చి, రుజువు చూపించడానికి దాన్ని రుమాలుతో బయటికి తీశాడు. నేను ఫోను వెలుగు పట్టాను. గాజు ఉబ్బి, పగిలి ఉంది. పగులు దగ్గర శనగగింజంత నల్లటి మాడు, దాని చుట్టూ పసుపురంగు అంచు.

"అదేమిటది?" అన్నాడు.

అమ్మ నావైపు చూసింది. నేను నవ్వబోయి ఆగాను.

"బొట్టండీ. పొద్దున్న పెట్టాను" అంది అమ్మమ్మ.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"ముట్టుకోలేదు, బొట్టు పెట్టానంతే. గంధం, దానిమీద కుంకుమ. మీరు అటు తిరిగి క్లిప్పు వెతుక్కుంటున్నారప్పుడు. ఆ తరవాత మీరే దాన్ని కళ్ళదగ్గర పెట్టుకుని తిప్పితిప్పి చూశారుగా! బొట్టు చూసి కూడా ఏమీ అనలేదంటే, ఉండనిచ్చారనుకున్నాను."

తెల్లటి గాజుమీద ఎర్రటి బొట్టు. కళ్ళముందు పెట్టుకున్నాడు. కనబడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో అమ్మమ్మకి అప్పుడు అర్థమైంది. "నా బొట్టువల్లే పోయిందండీ. మీ కళ్ళకేం, బంగారంలా ఉన్నాయి" అంది గబగబా.

"ఊరుకోవే" అన్నాడు తాతయ్య మెల్లగా. పార్కింగు అరుగుమీద కూర్చుని మంకీ క్యాప్ తీశాడు. "రోడ్డంతా గుడ్లప్పగించి చూసీ చూసీ అలిసిపోయానే, ఉషా. ఇంక నావల్ల కాదు." తాళం తీసి అమ్మ చేతిలో పెట్టాడు. మొన్న దానికోసం చెయ్యి చాపిన అమ్మ, వెంటనే గుప్పిట మూయలేకపోయింది.

లిఫ్టులో పైకి వెళ్తుంటే అడిగాడు. "రెండోదానికీ పెట్టావా?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తానా?" అంది అమ్మమ్మ.

తరవాతి శనివారం భజనకి క్యాబ్‌లో వెళ్ళాం. నేను ముందుసీటులో, వాళ్ళిద్దరూ వెనక. కళ్ళ డాక్టరు ఆపరేషనుకి తేదీ ఇచ్చాడు. తాతయ్య వెనక్కి వాలి, దారిపొడుగునా "అదేమిటది గౌరీ? ఇదేమిటి?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు పోవడానికి తాళం లేదు కదా. పని పెరిగింది, రెండు సమోసాలు కావాలన్నాను.

"ముందు ఆవునీ బస్తానీ సరిగ్గా చెప్పు" అన్నాడు కళ్ళు మూసుకునే.