చుక్క కారని బొంత

బీఎస్సీ పాసయ్యానండీ! మా ఇంటా వంటా ఇదే మొదటి డిగ్రీ. స్వీట్లు తర్వాత పెడతాను. ముందు నేనో బొంతని ఎలా తగలేశానో వినండి. ఈ డిగ్రీలో సగం దానిదే.

అప్పుడు నేను ఇంటర్. అమ్మకి ఊడ్పులకెళ్ళొస్తే మోకాళ్ళు పట్టేసేవి. అలాంటప్పుడు మా చర్చి పాస్టరయ్యగారి భార్య, అమ్మగారు, మనవడి బాప్తిస్మానికి బొంత కుట్టమన్నారు.

"ఇది నచ్చిందంటే అందరూ కుట్టించుకుంటారే. నాకు బురదలో దిగే పని తప్పుద్ది" అంది అమ్మ.

లోపల పెట్టడానికి తణుకు పరుపుల షాపులో మిగిలిన దూది పొరల ముక్కలు తెచ్చింది. పొలానికెళ్తూ, "అంచుకి అంచు ఆనించి వదులుగా కుట్టు. ఒకదాని మీదొకటి ఎక్కించకు" అని మరీ మరీ చెప్పింది.

వింటానా? మా నాన్న తాటాకిళ్ళు కప్పుతారండి! ఆకు మీద ఆకు ఎక్కాలని నాకు పాలతోపాటు పట్టారు.

"జానెడు ఎక్కించాను నాన్నా, చాలా?"

"ఇంకో నాలుగు వేళ్ళ మేర ఎక్కించమ్మా. గాలివానొస్తే?"

"బొంతకి గాలివానేంటి నాన్నా!"

"ఏమో! మన చేతిపని కారకూడదు."

అమ్మ వచ్చేసరికి పైగుడ్డ కూడా కుట్టి, మడతపెట్టి, సంచిలో పెట్టేశాను. పనిమంతురాలిని కదా!

ఆదివారం అమ్మగారు దాన్ని అందరి ముందూ పరిచి బాబుని పడుకోబెట్టారు. బాబు పనసకాయలా దొర్లి, దూది మీద దూది ఎక్కి లేచిన రెండు గట్ల మధ్య ఇరుక్కుని కెవ్వుమన్నాడు.

"ఏంటి కరుణమ్మా, పొలం గట్లేశావా?" అన్నారు అమ్మగారు మా అమ్మతో.

చర్చంతా నవ్వులు. అమ్మ మొహం వాడిపోయింది. వెనకనుంచి నాన్న, "అయితేనేమండి, చుక్క కారదండి!"

ఇక ఆగలేకపోయాను. "అమ్మ కాదండి, నేనండి."

అమ్మగారు నవ్వాపుకుని, "అయితే దీని మీద నువ్వే పడుకో. కరుణమ్మా, నీ చేత్తో ఇంకోటి కుట్టు" అన్నారు.

ఆ రెండోది బతికించిందండి. ఇప్పుడు ఊరందరి బొంతలూ అమ్మవే. బురదలో దిగి ఎన్నేళ్ళయిందో!

మొదటిది నాతో హాస్టల్‌కొచ్చింది. నడుం కిందో గట్టు, మెడ కిందో గట్టు. హాస్టలంతా గుర్రుపెడుతుంటే నేను కెమిస్ట్రీ చదివేదాన్ని. ఇంకేం చెయ్యను?

ఇవాళ రిజల్ట్ చెప్తే ఫోన్లో అమ్మ ఏడ్చేసింది. నాన్న ఫోన్ లాక్కుని, "చూశావా! ఆ నాలుగు వేళ్ళూ ఎక్కించమంది నేనే!"

రాబోయే పట్టా మీద ఒట్టేసి చెప్తున్నాను: ఇక ఈ జన్మలో దూది మీద దూది ఎక్కించను. ఎమ్మెస్సీలో సీటొస్తే మాత్రం, మళ్ళీ ఆలోచిస్తానండి.