కొత్త కళ్లజోడు, మూడు మైనపు దిమ్మెలు

నేను అయిదు నెలలు అద్దెకున్న మేడగదికి కింద నిలువక్క ఇల్లు. ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. దంతాల పరిశోధనశాలలో ఇరవై రెండేళ్లుగా కోత పని ఆమెది. ఎలుక పిండం దవడ ఆవగింజంత ఉంటుంది. దాన్ని కరిగిన మైనంలో నిలబెట్టి, దిమ్మె గట్టిపడ్డాక ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోయాలి. మైనం బిగిసేలోపు "నిలువుగా ఉందా?" అని తనను తానే అడుగుతుంది గనక ఆ పేరు పడింది.

నేను తిరిగిన రేవుల్లో సొరచేపల నోళ్లు చాలా చూశాను. వాటికి పన్ను ఊడితే వెనక వరుస ముందుకొస్తుంది. మనకు రెండు విడతలతో సరి. మూడో విడత తెప్పించాలంటే మొదటిది ఎలా వచ్చిందో తెలియాలంటారు ఆ శాలవాళ్లు. చిగుళ్ల పైపొర లోపలి కణాలకు కబురు పంపుతుంది, అవి తిరుగు కబురు పంపుతాయి. అలా మాటలు సాగి, పన్ను మొగ్గ కాస్తా టోపీ ఆకారానికి వస్తుంది. టోపీ నడుమ చిన్న ముడి. అందులోని కణాలు తాము పెరగవు. చుట్టూ ఉన్నవాటిని పెరగమని చెప్పి, పని కాగానే చచ్చిపోతాయి. అలాంటి పెద్దమనుషులు ఊరికొకరుంటారు, ఆ చివరి పని ఒక్కటే వాయిదా వేస్తుంటారు.

ఆ కబుర్లలో ఒకదాన్ని మందుతో ఆపి చూస్తోంది ఒక పరిశోధక విద్యార్థిని. అందరికీ ఆమె తొందరమ్మాయి. మందు తగలని దవడలను నిలువక్క రెండు నెలల కిందటే కోసేసింది. మందు పెట్టినవి మూడు తర్వాత కోసింది. మూడింట్లోనూ మొగ్గే తప్ప టోపీ లేదు, ముడి లేదు. ఆ కబురు లేకపోతే పన్నే లేదని అమ్మాయి ప్రొఫెసరుకు చెప్పేసింది. సోమవారం వ్యాసం పంపమన్నాడాయన.

గురువారం సాయంత్రం నా ప్యాంటు కోసం కిందికి దిగాను. నిలువక్క భర్త దర్జీ. కుట్టుగదిలో అక్క కొత్తగా తగిలించిన అద్దం వైపు తల వాల్చి చూస్తున్నాడు.

"ఏమే, గోడ ఒరిగిందా, అద్దం ఒరిగిందా?"

"నిటారుగానే ఉందిగా!"

"ఇక నీ పేరు మార్చాల్సిందే. ఆ దూరానికొకటి, దగ్గరికొకటి అద్దాలు అతికిన కళ్లజోడు వచ్చినప్పటి నుంచీ ఇంట్లో అన్నీ అడ్డదిడ్డమే."

అక్క కళ్లజోడు తీసి చూసింది. పెట్టుకుని చూసింది. మళ్లీ తీసింది. తర్వాత స్టూలు మీద కూలబడింది.

"ఎప్పుడు తెచ్చామండీ ఇది?"

"పోయిన నెల ఇరవయ్యో తారీఖు."

ఆ మూడు దిమ్మెలూ ఇరవై తర్వాత పోసినవే. దవడ ఒరిగితే కత్తికి టోపీ అంచులు అందవు, టోపీ కూడా మొగ్గలాగే కనబడుతుంది. ఈ సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ శాలలో ఎవరికీ తెలియదు.

ప్రతి దవడనూ రెండుగా చేసి కుడి సగాన్ని స్పిరిట్ సీసాలో దాచడం అక్క అలవాటు. మర్నాడు పొద్దున్నే పాత కళ్లజోడు బయటికి తీసింది. దాని విరిగిన కాడకు దర్జీ దారం చుట్టి ఇచ్చాడు. అదే దారానికి కోటు బొత్తం కట్టి మైనం పోసే అచ్చు పక్కన వేలాడదీసుకుంది, కంటిని నమ్మక. సాయంత్రానికల్లా దిమ్మెలు పోసి, కోసి, రంగు పట్టించింది. సూక్ష్మదర్శిని దగ్గరికి అమ్మాయిని పిలిచింది. ఆ తర్వాత జరిగింది అక్క నాతో చెప్పిందే.

"ఇది చూడు తల్లీ."

"మందు పెట్టనిదా అక్కా? టోపీ ఉందిగా."

"నీ మందు పడ్డదే. కుడి సగం."

అమ్మాయి గాజుపలకను అటూ ఇటూ జరిపి చూసింది. "ముడి కూడా ఉంది. మరి నావి మూడూ?"

"నేను ఒరగబెట్టి కోశాను. కొత్త కళ్లజోడు."

"కళ్లజోడా! సార్‌కి చెప్పేశానక్కా! నువ్వు ఊరుకుంటే ఎవరికి తెలిసేది?"

"రేపు ఇంకొకళ్లు కోస్తే తెలిసేది. అప్పుడు అల్లరయ్యేది నీ పేరు, నాది కాదు."

అమ్మాయి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. మళ్లీ కూర్చుని ముడిని కొలిచింది. మందు తగలనిదాంట్లో సగమే ఉంది. మిగతా రెండు కుడి సగాల్లోనూ అంతే.

"లేకపోవడం కాదక్కా, చిన్నదైపోయింది," అంది, ముక్కు చీదుకుంటూ.

ఇద్దరూ కలిసి ప్రొఫెసరు దగ్గరికి వెళ్లారు. చెప్పింది అక్కే. ఆయన వ్యాసం ఆపేశాడు. మరో ఎనిమిది దవడలు చూడాలన్నాడు. "వాటిని పక్క విభాగంలో కోయించుకో," అని అమ్మాయికి చెప్పాడు, అక్క వైపు చూడకుండా. అక్క తిరిగొచ్చి పనిపుస్తకంలో రాసింది: "31, 32, 33: ఒరిగినవి. కారణం: కోసినవారి కొత్త కళ్లజోడు."

ఆ శని, ఆదివారాలు కింద కుట్టుమిషను ఆడుతూనే ఉంది. అద్దాన్ని దర్జీ సరిచేశాడు.

సోమవారం తొందరమ్మాయి ఎనిమిది సీసాలతో వచ్చి అక్క బల్ల ముందు నిలబడింది.

"ఇవాళ ఏ కళ్లజోడు?"

"పాతదే. పక్క విభాగం అటువైపు కదూ?"

"సార్‌ని ఒప్పించాను. బొత్తం ఏదీ?"

అక్క చూపించింది.

"అయితే కొయ్యి."