తలుపు వేయని ఇంటి నుంచి కటికికి

నవంబరు, మూడో శుక్రవారం, సాయంత్రం. స్థలం: భీమిలి దగ్గర గోస్తని ఏటికి అవతలి ఒడ్డు, అప్ప ఇంటి అరుగు. హాజరైనవారు: నేను, నా భార్య, బావ, బావ వాళ్ళ అప్ప. విషయం: మర్నాడు కటికి జలపాతానికి తక్కువ ఖర్చులో వెళ్ళి రావడం.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. పోర్టులో షెడ్డు గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఏ పనికైనా ముందు తేదీ వేసి, ఎవరెవరున్నారో రాసి, ఆ తరవాతే సంగతిలోకి వెళ్ళేవాణ్ణి. రిటైరయ్యాక షెడ్డు పోయింది గాని ఆ పద్ధతి పోలేదు.

బావ నాకు చుట్టం కాదు. పోర్టులో క్రేను నడిపేవాడు. మల్కాపురంలో మా వెనక వీధిలో ఉంటాడు. ఎప్పుడు మొదలైందో గాని ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. వాళ్ళది చేపలవేట కుటుంబం. అతని అప్ప, అంటే అక్క, ఒక్కర్తే ఆ ఒడ్డున ఉంటుంది. ఆమె భర్త వేటకి వెళ్ళి చాలా ఏళ్ళయింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అందుకని ఆమె బొట్టు తీయలేదు, గాజులూ తీయలేదు. తియ్యమని ఎవరూ అనలేదు కూడా. ఇంటి తలుపు మాత్రం ఆ రోజు నుంచి మూయలేదు. ఇల్లు ఒక్క పూట కూడా ఖాళీగా వదల్లేదు. సొంత మేనకోడలి పెళ్ళికి కూడా మల్కాపురం రాలేదు.

జలపాతం చూడాలన్న కోరిక ఆమెదే. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడి, పడమటి కొండల వైపు చెయ్యి చాపి, ఈ నీళ్ళు అక్కడ కటికిలో పైనుంచి పడతాయి, ఓసారి తీసుకెళ్తాను అని భర్త అంటూండేవాడట. ఇన్నేళ్ళూ ఆమె ఆ మాట ఎత్తలేదు. ఈ ఏడాది మోకాళ్ళు పట్టేశాయి. వచ్చే ఏడాదికి మెట్లూ గట్లూ ఎక్కడం కుదరదని డాక్టరు చెప్పేశాడు.

“ఈ ఏడు సూడకపోతే ఇంక సూడను తమ్ముడా” అంది నాతో.

బావ కారు మాట్లాడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. కారుకిచ్చే డబ్బుతో ఇంకో రెండుసార్లు వెళ్ళి రావచ్చు. నా ఏర్పాటు ఇది. తెల్లవారుజామున ఆటోలో కొత్తవలస. నగరంలోకి వెళ్ళి రైలెక్కితే వెనక్కి పోయి ముందుకి రావడమే. కొత్తవలసలో పాసింజరు, కుడివైపు కిటికీలు, ఎందుకంటే లోయ అటే కనిపిస్తుంది. బొర్రా స్టేషన్లో దిగి పదిమందితో పాటు జీపు. అక్కణ్ణించి నడక, మోకాళ్ళు నొప్పెడితే కూర్చుంటూ. తిండి ఇంటి నుంచే, పులిహోర, పెరుగన్నం. సాయంత్రం తిరుగు పాసింజర్లో వెనక్కి.

“బొంగులో చికెన్ తినకుండా కటికి ఎందుకు బావా? నీళ్ళు సూడ్డానికైతే మా ఇంటి కొళాయి లేదేటి?” అన్నాడు బావ.

“మీ కొళాయిలో నీళ్ళొచ్చినప్పుడు చెప్పండి అన్నయ్యా, అదే పెద్ద వింత, మేమే టికెట్ కొనుక్కుని వస్తాం” అంది నా భార్య.

అప్ప కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అప్పటికి పోటు మొదలైంది. ఆ వేళకి అక్కడ ఏరు వెనక్కి పారుతుంది. సముద్రం నీళ్ళు మొగలోంచి లోపలికి తోసుకొస్తాయి. నీటి మీది ఆకులూ నురగా కొండల వైపు పోతూ ఉంటాయి. చప్పుడుండదు. గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పుల జత ఒకటి ఉంది, అరిగిపోయి, ఎండకి వంకర తిరిగి. అప్ప వంగి వాటిని ఇంట్లోకి తిప్పి పెట్టింది. పొద్దున్న చూసినప్పుడు అవి బయటికి తిరిగి ఉన్నాయి.

వచ్చి కూర్చుని అంది: “అంతా బాగుంది. ఇల్లు ఎవులు సూత్తారు?”

ఆ పేటలో ఎవరిని అడిగినా రారని మాకు తెలుసు. ఎండిన చేపలు అడగడానికి కూడా వాళ్ళు ఆ ఇంటి గుమ్మం ఎక్కరు. వీధిలోంచే కేకేస్తారు.

“బావా, నువ్వుండు. మీ అప్ప ఇల్లే కదా” అన్నాను.

“నానా?” అన్నాడు. క్రేను కొసన గాల్లో కూర్చుని ముప్పూట పనిచేసిన మనిషి. “నాను ఉండను బావా. అప్పకి తెలుసు ఎందుకుండనో.”

“ఇంత ఒళ్ళుంది, ఏటికిరా పిరికి?” అంది అప్ప.

“ఒళ్ళుంటే ఏటి? పోయినేడు కార్తీకంలో పడుకున్నానా, లేదా? సాలు.”

ఆ రాత్రి ఏం జరిగిందో అతను చెప్పలేదు, నేను అడగలేదు. నా భార్య నావైపు తిరిగింది. “మీరే ఉండండి. మీకు జలపాతం ఎందుకు? ఎలాగూ వచ్చి కూర్చుని రాయడమే కదా, ఇక్కడే కూర్చుని రాయండి. ఒక టికెట్టూ కలిసొస్తుంది.”

నా బడ్జెట్టు నా మీదికే తిరిగింది. ఒప్పుకున్నాను. అప్ప మొహం చూశాక ఒప్పుకోకుండా ఉండలేకపోయాను. ఆమె మాత్రం ఇంకా నమ్మలేనట్టు, చేయాల్సినవి ఒక్కొక్కటీ చెప్పింది. దీపం ఆరకూడదు. భర్తకని ఉంచిన అన్నం గిన్నె మీద మూత తీయకూడదు. తలుపు ఓరగా కూడా వేయకూడదు.

“మరొకటి తమ్ముడా. గుమ్మంలో అలికిడైతే ఎవులని అడక్కు. ఈ ఇంట్లో ఆ మాట అనం. ఎన్నాళ్ళకో ఇంటికొచ్చినోణ్ణి నువ్వెవులని అడిగితే ఏటౌతాది? రా అను. అంతే.”

సరేనన్నాను. ఆ రాత్రి నేనూ నా భార్యా అరుగు మీద పడుకున్నాం. బావ నాలుగిళ్ళ అవతల చుట్టాలింటికి పోయాడు. పడుకునే ముందు డైరీలో నా పేరు కటికి వెళ్ళేవారి వరసలోంచి కొట్టేసి, ఇంట్లో ఉండేవారి దగ్గర రాసుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే ఆటో వచ్చింది. సందులోకి రాదు కనక రోడ్డు మీదే ఆగింది. నా భార్యా బావా సంచులు పట్టుకుని వెళ్ళారు. అప్ప కొత్త చీర కట్టుకుంది. పసుపు పొట్లం తీసుకుని, ఏటికి చెప్పి వస్తానని నీళ్ళ వైపు దిగింది. ఇంట్లో నేనొక్కణ్ణే. మంచు దట్టంగా ఉంది. దీపం ఒత్తి సరిచేస్తున్నాను.

గుమ్మం ముందు ఒక రాయి ఉంది. వేట నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోకి వచ్చే ముందు కాలు దాని మీద రెండుమార్లు కొట్టి ఇసక దులుపుకుంటారు. ఆ చప్పుడు వినిపించింది. ఒక కాలు, తరవాత రెండో కాలు.

షెడ్డు గేటు దగ్గర జీవితమంతా అడిగిన మాట. ఆలోచించే లోపలే నోట్లోంచి వచ్చేసింది.

“ఎవరది?”

చప్పుడు ఆగింది. కాసేపటికి ఇసక మీద అడుగులు. తొందర లేదు. సందు వెంట రోడ్డు వైపు వెళ్ళాయి. నేను బయటికి వచ్చేసరికి మంచు తప్ప ఏమీ లేదు. రాయి తడిగా ఉంది. మంచుకి తడిసి ఉండవచ్చు. ఆ వేళకి పడవల దగ్గరికి వెళ్ళేవాళ్ళుంటారు, వాళ్ళలో ఎవరైనా కావచ్చు. ఆ రెండు సంగతులూ డైరీలో రాశాను. వాళ్ళెవరూ ఆ గుమ్మం ఎక్కరన్నదీ రాశాను.

అప్ప నీళ్ళ దగ్గర్నించి వచ్చింది. నా మొహం చూసింది.

“అడిగేసినావా?”

“నోరు జారింది అప్పా.”

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇక కదలదు, ఆటో తిప్పి పంపించేయాల్సిందే అనుకున్నాను. రోడ్డు మీంచి హారన్ మోగింది. ఆమె వినలేదు.

“ఏటేపు ఎల్లినాడు?” అంది చివరికి.

విన్నది విన్నట్టే చెప్పాను. “రోడ్డు వైపు. ఆటో దగ్గరికి.”

అప్ప అటు తిరిగి చూసింది. తరవాత ఆమె మొహంలో వచ్చిన మార్పు నేను సరిగ్గా రాయలేను. పెళ్ళిచూపుల్లో తల దించుకున్న పిల్ల మొహంలా అయింది.

“అయితే తీసుకెల్తానన్నోడు బయల్దేరినాడు” అంది. “నువ్వు కూడా రా తమ్ముడా. ఇంట్లో ఎవులూ అక్కర్లేదు. తలుపేసీ.”

తలుపు కదల్లేదు. అడుగున ఇసక మేట వేసింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వాను. మూసుకుంటూ అది చేసిన చప్పుడుకి పక్కింటి కుక్క లేచి మొరిగింది. ఆ ఇంటికి తాళమన్నది లేదు. అప్పే గొళ్ళెం పెట్టింది. దీపం లోపలే ఉండిపోయింది. చెప్పుల కోసం చూశాను. మంచులో కనిపించలేదు, వంగి వెతకలేదు.

ఆటోలో నా భార్య వెనక సీట్లో ఒక చివర కూర్చుని ఉంది. అప్ప ఎక్కి రెండో చివర కూర్చుంది, చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని, మధ్యలో చోటు వదిలి. నేనూ బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరం వెళ్ళి డ్రైవరుకి చెరో పక్కా ఇరుక్కున్నాం.

“ఎనకాల అంత సోటుంది కద మావా, ముందర ఈ తొక్కుడేటి?” అన్నాడు డ్రైవరు.

“నువ్వు నడపరా” అన్నాడు బావ.

వంతెన మీదికి వచ్చాం. కింద ఏరు మంచులో కనిపించడం లేదు. గాలి విసురుగా తగిలింది. వెనక నుంచి అప్ప, పిల్లలకి చెప్పినట్టు, మెల్లగా అంది:

“కాళ్ళు లోపలికి పెట్టుకో.”

తిరిగి చూశాను. నా భార్య కాళ్ళు లోపలే ఉన్నాయి.