సెక్రటరీ అరచెయ్యి

డిసెంబరు, ఆదివారం మధ్యాహ్నం. హాజరైనవారు: టోర్నమెంట్ సెక్రటరీ, ఫైనల్ ఆడుతున్న ఆయన బావమరిది, అతని ప్రత్యర్థి అయిన, మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్మే యువకుడు, స్కోరు రాసే నేను.

మా పాతబస్తీ లాన్ టెన్నిస్ టోర్నమెంట్ ఎందుకు ఆగిపోయిందని ఎవరైనా అడిగితే, నాకు ఇప్పటికీ ఆ సెక్రటరీ అరచెయ్యే గుర్తొస్తుంది. ఆ ఫైనల్ తర్వాత ఆడతామని ఒక్కరూ పేరివ్వలేదు.

గడ్డి తడిగా ఉంటే ఆట ఆపడం మా నియమం. ఆయన గడ్డికి అరచెయ్యి ఆనించి, రుమాలుతో తుడుచుకుని తీర్పు చెప్పేవాడు. ఆ రోజు బావమరిది ఇంకొక్క గేమ్ పోతే ఓడిపోతాడనగా ఆయన కోర్టులోకొచ్చి వంగాడు.

"తడున్నది. మిగిలింది రేపు పొద్దుగాల ఆడుండ్రి."

"ఎండ గింత కొడుతుంటే తడేడిది సాబ్? పొద్దుగాల బేరం ఇడిచిపెట్టి నేనెట్లొస్త?" అన్నాడు యువకుడు.

"నా చెయ్యి అబద్ధం చెప్తదా భాయ్?" అని నవ్వాడు సెక్రటరీ.

మర్నాడు పొద్దున మంచుకు మా బూట్లు తడిసి ముద్దయ్యాయి. యువకుడు మార్కెట్ వదిలి రాలేకపోయాడు. సెక్రటరీ మామూలుగానే వంగి గడ్డిని తాకాడు. "మస్తు ఎండింది, ఆటకు రానోడు ఓడినట్టే" అంటూ, నీళ్లు కారుతున్న ఆ చేత్తోనే బావమరిదికి కప్పు అందించాడు.