పక్క రేకు మీద చెయ్యి

కోరాపుట్‌లో టీచరుగా చేరిన రెండో ఏడు ఒక పాత స్కూటరు కొన్నాను. నేనూ అమ్మా ఉండే అద్దెయింటి నుంచి బడి ఎనిమిది కిలోమీటర్లు, మలుపుల కొండదారిలో ఘాటీ దిగి వెళ్లాలి. ఇంజను బాగానే ఉంది గానీ, దాన్ని కప్పే పక్క రేకు మీద తెల్ల పెయింటు నడిమధ్య పెచ్చులూడిపోయింది. షెడ్డుకిస్తే వారం ఉంచేసుకుంటారని, ఫోనులో నాలుగు వీడియోలు చూసి, క్రిస్మస్ సెలవుల్లో నేనే వేద్దామని కూర్చున్నాను.

రేకు విప్పి పెరట్లో పీట మీద పెట్టి, తడిపిన గరుకు కాగితంతో రుద్దాను. తెలుపు కింద నీలం వచ్చింది. నీలం కింద లేత ఆకుపచ్చ. నున్నగా అయ్యాక సబ్బుతో కడిగి, ఆరబెట్టి, బూడిదరంగు ప్రైమరు కొట్టాను. మర్నాడు మంచు విడిచాక ఎర్ర రంగు. స్ప్రే డబ్బా జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఒకచోట ఆపకుండా, పల్చగా మూడు పూతలు.

కాసేపటికి రేకు మధ్యలో పెయింటు పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టింది. ముందు ఐదారు గుండ్రటి కన్నాలు. చూస్తుండగానే ఒకదాన్నొకటి కలుపుకున్నాయి.

అమ్మ వచ్చి చూసింది. "ఏటమ్మి, ఆరకుండానే సెయ్యెట్టేసేవా?"

"నేను ముట్టుకోలేదే."

అది అరచెయ్యే. బొటనవేలు పక్కకు, మిగతావి పైకి. ఉంగరం వేలు మాత్రం సగంలో ఆగిపోయింది. అమ్మ నా రెండు చేతులూ తిప్పి చూసింది. ఎక్కడా రంగు లేదు. లోపలికి వెళ్లిపోయింది.

పెయింట్ల షాపు పెద్దాయనది పార్వతీపురం వైపు. అంతా విని తేలిగ్గా నవ్వాడు. "నూనో మైనమో ఉంటే పెయింటు పట్టదు టీచరుగారూ. సబ్బు సాల్దు. ఇనుము కనపడిందాకా గీకీసి, థిన్నరుతో తుడిసీయండి. తుడిసినాక ఏలు కూడా తగలనీకండి."

అలాగే చేశాను. రెండు రోజులు గీకాను. గ్లౌజులు వేసుకుని థిన్నరుతో మూడుసార్లు తుడిచాను. మళ్లీ ప్రైమరు, మళ్లీ రంగు. ఈసారి కుర్చీ వేసుకుని రేకు ఎదురుగానే కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎవరో కూరగాయలు అమ్ముకుంటూ పోతున్నారు. నా కళ్లముందే సగం వేలు మొదట తేలింది. తర్వాత అరచెయ్యి. అదే చోట, అదే కొలత. అవతల ఎవరో చెయ్యి ఆనించి నిలబడినట్టుంది. లేచి రేకు తిప్పి వెనక్కి చూశాను. తుప్పు తప్ప ఏమీ లేదు.

నాకమ్మిన మెకానిక్ దగ్గర ముందటి యజమాని చిరునామా తీసుకున్నాను. నారాయణపట్నలో ఉంటున్న రిటైరైన నర్సు. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ఆవిడ తలుపు తీసిన చెయ్యి వైపే ముందు చూశాను. ఐదు వేళ్లూ నిండుగా ఉన్నాయి.

"నా సెయ్యి సూస్తన్నావేటమ్మా?" అంది. వెంటనే, "స్కూటరు నువ్వేనా కొన్నావు? సెయ్యి లేసిందా?" అని తనే అడిగింది.

టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "నేను కొన్నప్పుడు ఆకుపచ్చరంగు. నీలం ఏయించేను, లేసింది. తెలుపు ఏయించేను, అదీ అంతే. ఆ తరవాత మానేసేను. పదకొండేళ్లు దాని మీదే ఘాటీ దిగేను, ఎక్కేను. బయల్దేరే ముందు ఆ సెయ్యి మీద నా సెయ్యేసి ప్రార్థన సేసుకునేదాన్ని. ఒక్కసారీ పడనేదు."

"అది ఎవరి చెయ్యండీ?"

"నాకమ్మినాయన్ని అడిగేను. సగం ఏలు సంగతి నీకెవరు సెప్పేరని నన్నే అడిగేడు. తలుపేసుకున్నాడు."

లేవబోతుంటే, "ఆ రేకు నీకొద్దంటే నాకిచ్చీ" అంది.

పాత సామాన్ల కొట్టులో అలాంటిదే ఇంకో రేకు దొరికింది. దానికీ అదే ఎర్ర రంగు, అలాగే మూడు పూతలు వేశాను. అద్దంలా పట్టింది. మరుసటి ఆదివారం మొదటి రేకును దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. నేను కూర్చున్నది నీడవైపు. అద్దాల మీద ఇంకా మంచు ఉంది. అయినా దుప్పట్లోంచి అది వెచ్చగా తగులుతూనే ఉంది.

ఆవిడ దాన్ని మంచం పక్కన గోడకు ఆనించి, చీర చెంగుతో మెల్లగా తుడిచింది. ఎవర్నో పడుకోబెట్టినట్టు తుడిచింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

అప్పగించేశాక గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. సోమవారం బడికి బయల్దేరినప్పుడు కొత్త రేకు ఎండలో మెరిసిపోతోంది. మొదటి మలుపు దగ్గర రెండు కాళ్లూ నేలకు ఆనించి చాలాసేపు ఆగాను. ఆ తర్వాత నెమ్మదిగా ఘాటీ దిగాను.